మగపిల్లి రాత్రి నుంచి తొట్టిలోకి వెళ్ళొస్తున్నాడు, ఏమీ రావట్లేదు. మలబద్ధకమా?

చింతచిగురు_గుంటూరు | ఆదివారం ఉదయం 7:10
నాలుగేళ్ళ మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, బరువు 5.8 కేజీలు, ఇల్లు దాటడు. రాత్రి నుంచి ఇసుక తొట్టిలోకి వెళ్తున్నాడు, గుంట తీస్తున్నాడు, రెండు మూడు నిమిషాలు ముక్కుతూ కూర్చుని ఊరికే లేచొస్తున్నాడు. ఐదు నిమిషాలకి మళ్ళీ అదే. పది పన్నెండు సార్లు అయ్యుంటుంది. ఒకసారి బాత్రూమ్ గచ్చు మీద కూర్చున్నాడు. రాత్రి తిండి సగం వదిలేశాడు, ఇప్పుడు బీరువా వెనక దూరాడు. నిన్న పొద్దుట్నుంచి దొడ్డికి రాలేదు కాబట్టి మలబద్ధకం అనుకుంటున్నాం. ఒక చెంచా ఆముదం పట్టించమని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. పట్టించొచ్చా? ఇవాళ ఆదివారం, పశువుల ఆసుపత్రి ఉండదు. రేపటిదాకా ఆగొచ్చా?

తాటిముంజ | 7:18
మలబద్ధకమే. ఉప్పు వెయ్యకుండా ఉడికించిన తియ్యగుమ్మడి ఒక చెంచా మెత్తగా చిదిమి పెట్టండి, సాయంత్రానికి సర్దుకుంటుంది.

ఇసుకతొట్టి | 7:21
ఆముదం వద్దు, గుమ్మడీ వద్దు. ముందు ఒక్కటి చూసి చెప్పండి. రాత్రి నుంచి తొట్టిలో మూత్రం గడ్డ (మూత్రానికి తడిసి గడ్డకట్టిన ఇసుక) ఒక్కటైనా పడిందా? మగపిల్లి తొట్టిలో ముక్కుతుంటే ముందు అనుమానించాల్సింది మూత్రాన్ని. కూర్చునే తీరు రెంటికీ దాదాపు ఒకలాగే ఉంటుంది, అందుకే అందరూ పొరబడతారు.

చింతచిగురు_గుంటూరు | 7:29
తొట్టి మొత్తం జల్లెడ పట్టి చూశాను. రాత్రి పదింటికి శుభ్రం చేశాం. ఆ తర్వాత పడ్డవి వేరుశనగ గింజంత తడి గడ్డలు రెండే. ఒకదానికి గులాబీ రంగు అంటుకుంది. గచ్చు మీద కూర్చున్న చోట ఒక్క చుక్క. ఇంకోటి, కింద అదేపనిగా నాక్కుంటున్నాడు.

పశువైద్యుడు_కరీంనగర్ | 7:34
ఇది మూత్రం బిగుసుకున్న లక్షణం. రేపటిదాకా కాదు, మధ్యాహ్నం దాకా కూడా ఆగకండి.

మగపిల్లికి మూత్రనాళం చివరికొచ్చేసరికి చాలా సన్నగా ఉంటుంది. మూత్రసంచి లోపల వాచి, అక్కడ ఊడిన జిగురూ సన్న ఇసుకలాంటి స్ఫటికాలూ కలిస్తే మైనం ముద్దలాంటి బిరడా తయారై ఆ సన్నటి చోట అడ్డం పడుతుంది. బిరడా లేకపోయినా నాళం కండరం బిగుసుకుని మూసుకుపోవచ్చు. కిడ్నీలు మూత్రం తయారుచేస్తూనే ఉంటాయి, పోయే దారి ఉండదు. కొన్ని గంటలకి అవీ వడకట్టలేవు, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. పూర్తిగా మూసుకుంటే 24 నుంచి 48 గంటల్లో ప్రాణం పోతుంది. మీ లెక్క రాత్రి నుంచి మొదలైంది.

ఇంట్లో ఒకటి చూడొచ్చు. వాడు నిలబడి ఉన్నప్పుడు వెనక కాళ్ళకి కాస్త ముందు, పొట్ట కింది నుంచి బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్ళు రెండో పక్క పెట్టి మెల్లగా తాకండి. మూత్రసంచి మామూలుగా ఉంటే చేతికి దొరకదు, దొరికినా నీళ్ళ బెలూన్‌లా మెత్తగా జారుతుంది. బిగిస్తే నిమ్మకాయ నుంచి బత్తాయి అంత గట్టి ఉండ తగులుతుంది. నొక్కి మూత్రం తెప్పించాలని మాత్రం చూడొద్దు, సంచి పగులుతుంది. తాకనివ్వకపోతే వదిలేసి బయల్దేరండి. వాంతి, ఒళ్ళు చల్లబడడం, పిలిస్తే పలక్కపోవడం కనిపిస్తే ఇంకా గంటల సమయం ఉందనుకోవద్దు.

వరంగల్_వాకిలి | 7:38
చింతచిగురు అక్కా, గంత గట్టిగ ఉంటె ఒక్క నిమిషం గూడ ఆగకుండ్రి. మొదాలు ఫోన్ చేసి పోండ్రి, తాళం ఏసిన క్లినిక్ ముందట నిలవడితె టైం పోతది.

ఇసుకతొట్టి | 7:40
ఫోన్‌లో "పిల్లికి బాగోలేదు" అని చెప్పకండి, పదిన్నరకి రమ్మంటారు. "మగపిల్లి, రాత్రి నుంచి మూత్రం రావట్లేదు" అనండి. వెంటనే మూడు సంగతులు అడగండి. పిల్లికి వేసే సన్న కెథెటర్ (మూత్రం తీసే గొట్టం) ఉందా, మత్తు ఇవ్వగల డాక్టర్ ఇప్పుడున్నారా, రక్తంలో పొటాషియం అక్కడే చూస్తారా. చాలా చోట్ల కుక్కలకి వేసే సైజులే ఉంటాయి. లేదంటే అక్కడికి వెళ్ళకుండానే ఇంకో చోటికి ఫోన్ చెయ్యొచ్చు. గుంటూరు కాబట్టి విజయవాడలో ఆదివారం తెరిచే ప్రైవేటు క్లినిక్‌లు కూడా వరసగా అడగండి.

మూడో_అంతస్తు | 7:42
ఈలోపు కొబ్బరినీళ్ళో బార్లీనీళ్ళో సిరంజితో పట్టిస్తే మూత్రం జారీ అవుతుందేమో? మనుషులకి పనిచేస్తుందిగా.

పశువైద్యుడు_కరీంనగర్ | 7:45
వద్దండీ. దారి మూసుకున్నప్పుడు పైనుంచి నీళ్ళు పోస్తే సంచి ఇంకా ఉబ్బుతుంది. పైగా కొబ్బరినీళ్ళలో ఉండేదే పొటాషియం, ఇప్పుడు వాడిని చంపేది కూడా అదే.

తాటిముంజ | 7:47
మలబద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గడ్డల సంగతి అడగాలని తట్టలేదు. దారిలో నొప్పికి పిల్లల పారాసిటమాల్ సిరప్ రెండు చుక్కలు వెయ్యొచ్చా డాక్టర్ గారూ?

పశువైద్యుడు_కరీంనగర్ | 7:49
ఒక్క చుక్క కూడా వద్దు. ఈ చర్చ చదివే ప్రతివాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోండి. పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి లివర్‌లో సరిగ్గా లేదు. మనం జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి పెద్దపిల్లిని చంపడానికి చాలు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు చాక్లెట్ రంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఎవరైనా తెలియక వేసి ఉంటే లక్షణాలు కనబడేదాకా చూడకుండా వెంటనే తీసుకెళ్ళి ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారో చెప్పండి. ఎసిటైల్‌సిస్టిన్ అనే విరుగుడు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత పనిచేస్తుంది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇంట్లోంచి తీసి వెయ్యొద్దు.

చింతచిగురు_గుంటూరు | 7:56
తాకి చూశాం. గట్టిగా, గుండ్రంగా తగిలింది, అరిచాడు. విజయవాడలో ఒక క్లినిక్ వాళ్ళు రమ్మన్నారు, కెథెటర్ ఉందన్నారు. పిల్లిని మోసే కారియర్ లేదు. కూరగాయల ప్లాస్టిక్ బుట్ట ఉంది.

నల్లపిల్లి_నెల్లూరు | 7:58
రెండు బుట్టలు ఉంటే ఒకదాని మీద ఇంకోటి బోర్లించి నాలుగు పక్కలా తాడుతో కట్టండి. అడుగున వాడు రోజూ పడుకునే దుప్పటే వెయ్యండి, ఉతికింది కాదు. పైన తువ్వాలు కప్పితే బయటి వెలుగు, హారన్లు తగ్గుతాయి. గోనెసంచి వద్దు. బండి మీద ఒళ్ళో పట్టుకుని కూడా వద్దు, ఒక్క హారన్‌కి దూకేస్తాడు. మత్తు ఇస్తారు కాబట్టి ఇక తిండి పెట్టకండి.

చింతచిగురు_గుంటూరు | 8:04
బయల్దేరాం.

మూడో_అంతస్తు | 8:20
నాదొక ప్రశ్న. ఆపరేషన్ చేయిస్తే నాళం సన్నబడి ఇలా అవుతుందని మా వీధిలో అందరూ అంటారు. అందుకే మా గండుపిల్లికి చేయించలేదు. నిజమేనా?

ఇసుకతొట్టి | 8:31
నాళం సన్నబడదు. చిన్నప్పుడే ఆపరేషన్ చేసిన పిల్లుల్నీ, చెయ్యనివాటినీ కొలిచి చూశారు, తేడా కనబడలేదు. అసలు కారణం ఆపరేషన్ తర్వాత జరిగేది. ఆకలి పెరుగుతుంది, తిరుగుడు తగ్గుతుంది, గిన్నె నిండా ఎండు తిండి పోసి వదిలేస్తాం, బరువు పెరుగుతుంది, నీళ్ళు తక్కువ తాగుతాడు. బిగుసుకునే పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. ఆపరేషన్ చేయించండి, తిండి కొలిచి పెట్టండి.

తాండూరు_కంది | 8:44
ఎండు తిండిదే తప్పన్నట్టు చెప్తున్నరు. మా దిక్కు పిల్లులు పాలన్నం, పెరుగన్నం తిని పదేండ్లు బతికినయ్. ప్యాకెట్ తిండి వచ్చినంక కదా ఈ రోగాలన్నీ.

నల్లపిల్లి_నెల్లూరు | 8:57
కంది అన్నా, ఆ పిల్లులు పాలన్నం తిన్నాక ఎలుకల్ని, పిట్టల్ని కూడా తిన్నాయి. టారిన్ అనే పోషకం అక్కణ్ణుంచే వచ్చేది. పిల్లి ఒంట్లో టారిన్ చాలినంత తయారవదు, మాంసంలోంచే రావాలి. అన్నంలో లేదు, పెరుగులో నామమాత్రం. బయటికి వదలని పిల్లికి పాలన్నమే పెడితే కొన్ని నెలలకి కంటిపొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం పల్చబడుతుంది. టారిన్ లోపానికీ గుండె జబ్బుకీ ముడి 1987లో బయటపడింది, ఆ తర్వాతే కంపెనీలు తిండిలో దాని పాలు పెంచాయి. పాలు చాలా పెద్దపిల్లులకి అరగవు, విరేచనాలవుతాయి. మనం తినే కూర కలిపితే అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి పిల్లి రక్తకణాల్ని విరగ్గొడతాయి.

తాండూరు_కంది | 9:10
ఎలుకల మాట నిజమే. మరి ఇంట్లుండే పిల్లికి నీళ్ళెట్ల తాగించాలె? గిన్నె పెడితె మూతి గూడ పెట్టదు.

ఇసుకతొట్టి | 9:26
తాగించడం కన్నా తినిపించడం తేలిక. తడి తిండిలో నాలుగింట మూడొంతులు నీళ్ళే. దాంట్లో ఇంకో రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపితే పులుసులా నాకేస్తాయి. ఉప్పు, మసాలా, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం నీళ్ళయినా సరే. నీళ్ళ గిన్నె తిండి గిన్నె పక్కన పెట్టకండి, ఇంట్లో రెండు మూడు చోట్ల వేరుగా పెట్టండి. వెడల్పాటి గాజు గిన్నె అయితే మీసాలు అంచుకి తగలవు. కొన్ని పిల్లులు కదిలే నీళ్ళే తాగుతాయి, వాటికి చిన్న పంపు తొట్టి పనికొస్తుంది.

అమలాపురం_కాలువ | 9:41
మాది ఆడపిల్లి, ఏడు నెలలు. మూడు రోజులుగా రాత్రంతా గొంతు చించుకుంటోంది. నేల మీద దొర్లుతుంది, నడుము దగ్గర చెయ్యేస్తే వెనక భాగం పైకెత్తి తోక పక్కకి తిప్పుతుంది. కడుపునొప్పా?

నల్లపిల్లి_నెల్లూరు | 9:44
నొప్పి కాదు, ఎదకొచ్చింది. వారం అటూ ఇటూ ఉంటుంది. మగపిల్లితో దాటకపోతే రెండు మూడు వారాలకి మళ్ళీ వస్తుంది. ఇది తగ్గాక ఆపరేషన్ చేయించండి. ఎద ఆపే బిళ్ళలు వాడకండి, గర్భసంచిలో చీము పట్టడానికి, రొమ్ము గడ్డలకీ దారి తీస్తాయి. ఎద అయిన నాలుగైదు వారాల్లో పిల్లి మందకొడిగా ఉండి, నీళ్ళు ఎక్కువ తాగుతూ, కింద చీము కనిపిస్తే అది వేరే సంగతి, ఆ రోజే వెళ్ళాలి.

డల్లాస్_గోంగూర | 9:58
మాది పదమూడేళ్ళ ముసలిది, అదీ రాత్రిళ్ళు అరుస్తుంది. ఆపరేషన్ పదేళ్ళ కిందే అయింది. తిండి బాగా తింటుంది కానీ చిక్కిపోతోంది. వయసు అనుకోవాలా?

పశువైద్యుడు_కరీంనగర్ | 10:15
వయసు రోగం కాదు. బాగా తింటూ చిక్కిపోతూ రాత్రి అరిచే ముసలి పిల్లిలో మొదట చూడాల్సింది థైరాయిడ్, దాంతోపాటు రక్తపోటు, కిడ్నీ, చక్కెర. రక్తపరీక్షలో టి4 (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ), గ్లూకోజ్ (చక్కెర) చూడమనండి, మూత్రం చిక్కదనం చూడమనండి, బీపీ తప్పకుండా కొలవమనండి. బీపీ పెరిగితే కంటిపొర ఊడి ఒక్కరోజులో చూపు పోవచ్చు. కనుపాపలు వెలుగులో కూడా పెద్దవిగా ఉండి, వస్తువులకి గుద్దుకుంటుంటే అత్యవసరం కింద తీసుకెళ్ళండి. ఇవన్నీ బాగుంటేనే చెవుడు, మతిమరుపు గురించి ఆలోచించాలి.

ఈ వారం రోజూ నీళ్ళు కొలవండి. పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలిస్తే తాగింది తెలుస్తుంది. కేజీకి రోజుకి 50 మి.లీ. దాటుతుంటే ఆ అంకె డాక్టర్‌కి చెప్పండి. తడి తిండి తినే పిల్లి అయితే అసలు గిన్నె దగ్గరికే ఎక్కువ పోకూడదు.

మూడో_అంతస్తు | 10:22
మా వాడు గోడకేసి అలా పావుగంట చూస్తూ కూర్చుంటాడు. మా అత్తగారు దిష్టి తీయమంటున్నారు.

వరంగల్_వాకిలి | 10:25
ట్యూబ్‌లైట్ ఎనకాల బల్లి ఉంటది, సూడు తమ్మి.

ఇసుకతొట్టి | 10:33
బల్లే అయ్యుంటుంది. చెవులు ముందుకి తిప్పి, తోక చివర ఆడిస్తూ, పిలిస్తే తిరిగి చూస్తే వేట మీద ఉన్నట్టు. గోడకి నుదురు ఆనించి నొక్కుతూ నిలబడితే మాత్రం మెదడుకి సంబంధించింది, అదే రోజు తీసుకెళ్ళాలి. చూస్తూ చూస్తూ మొహం ఒక పక్క అదిరి, చొంగ కారి, పిలుపు వినపడనట్టు ఉంటే అది చిన్నపాటి మూర్ఛ. రెండు సందర్భాల్లోనూ వీడియో తియ్యండి. క్లినిక్‌లో బల్ల మీద పెట్టగానే భయంతో అన్నీ దాచేస్తాయి, డాక్టర్‌కి చూడ్డానికి ఏమీ మిగలదు.

బల్లుల్ని రోజూ తినే పిల్లి గురించి ఇంకో మాట. బల్లి నుంచి పిల్లి లివర్‌లోకి చేరే ఒక పురుగు వెచ్చటి దేశాల్లో ఉంది. తిండి మానేసి, చిగుళ్ళు, చెవి లోపలి చర్మం పచ్చబడితే ఈ బల్లుల సంగతి కూడా చెప్పండి. మామూలు నట్టల మందు మామూలు మోతాదుకి అది లొంగదు.

అమలాపురం_కాలువ | 10:40
నోరు తెరిచి వగర్చడం కుక్కల్లాగే మామూలేనా? ఎండాకాలం మా పెద్దది చేస్తుంటుంది.

పశువైద్యుడు_కరీంనగర్ | 10:52
కుక్కకి మామూలు, పిల్లికి కాదు. బాగా ఎగిరి ఆడాక ఒకటి రెండు నిమిషాలు వగర్చి ఆగితే పిల్లకూనల్లో ఒప్పుకోవచ్చు. కూర్చున్న చోట నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఆస్తమానో, గుండె చుట్టూ ఊపిరితిత్తుల చుట్టూ నీరో, వడదెబ్బో అయ్యుంటుంది. నేరుగా తీసుకెళ్ళండి, దారిలో ఒళ్ళో అదిమి పట్టుకోకండి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని పక్కటెముకల దగ్గర చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చెయ్యండి. గురగురమంటుంటే ఆ లెక్క పనికిరాదు. నిమిషానికి 30 లోపు ఉండాలి. రెండు మూడు సార్లు చూసినా 30 దాటుతుంటే డాక్టర్‌కి చెప్పాలి, 40 దాటితే ఆ రోజే వెళ్ళాలి. గుండె జబ్బు పైకి తెలియకముందే ఈ అంకె చెప్పేస్తుంది.

నల్లపిల్లి_నెల్లూరు | 11:03
దీనికి దగ్గరిదే ఇంకోటి. నేలకి అతుక్కుని మెడ ముందుకి చాచి "హక్ హక్" అని ఏమీ కక్కకుండా లేస్తే వెంట్రుకల ఉండ అనుకుని నెలల తరబడి వదిలేస్తారు. ఉండ అయితే కడుపు లోపలికి ఎగదన్నుతుంది, చివరికి పొడుగ్గా చుట్టలా ఏదో ఒకటి బయటపడుతుంది. కడుపు కదలకుండా మెడ నుంచి వస్తే అది దగ్గు, ఆస్తమా కావొచ్చు. అగరబత్తి పొగ, దోమల చుట్ట, సాంబ్రాణి ఆ గదిలో ఆపేసి చూడండి.

చింతచిగురు_గుంటూరు | 11:48
మత్తిచ్చి కెథెటర్ వేశారు. దగ్గర దగ్గర 130 మి.లీ. తీశారు, మొదట వచ్చింది ఎర్రగా ఉంది. పొటాషియం 6.4, క్రియాటినిన్ కూడా పెరిగింది. సెలైన్ ఎక్కుతోంది. రెండు రాత్రులు ఉంచమంటున్నారు. మూత్రం వచ్చేసింది కదా, సాయంత్రం తీసుకొచ్చేయకూడదా?

పశువైద్యుడు_కరీంనగర్ | 11:55
ఉంచండి. అడ్డు తొలగాక కిడ్నీలు ఒక్కసారిగా వరదలా మూత్రం వదుల్తాయి. పోయినంత నీరు, ఉప్పు నరం ద్వారా తిరిగి ఇవ్వకపోతే మళ్ళీ పడిపోతాడు. నాళం వాచి ఉంది, ఇవాళే కెథెటర్ తీసేస్తే మళ్ళీ బిగుసుకోవచ్చు. తీశాక సొంతంగా ధారగా పోశాడని కళ్ళారా చూసి పంపమనండి. ఎక్స్‌రే గానీ స్కానింగ్ గానీ ఒకటి అడగండి, సంచిలో రాయి ఉందో లేదో తెలియాలి. స్ట్రువైట్ రకం అయితే ప్రత్యేక తిండితో కొన్ని వారాల్లో కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ కరగదు, తియ్యాల్సిందే. ఈ వయసు పిల్లుల్లో చాలాసార్లు రాయీ ఉండదు, సూక్ష్మక్రిమీ ఉండదు, బెదురు వల్ల మూత్రసంచి వాస్తుంది. ఇంట్లో ఈమధ్య ఏదైనా మారిందా?

చింతచిగురు_గుంటూరు | 12:06
పోయిన వారం గృహప్రవేశం అయింది. పది రోజులు చుట్టాలు. తొట్టి వాషింగ్ మెషిన్ పక్కన పెట్టాం.

ఇసుకతొట్టి | 12:14
మెషిన్ తిరుగుతున్నప్పుడు వాడు ఆపుకుని ఉంటాడు. ఇంటికొచ్చేలోపు తొట్టి మనుషులు తక్కువ తిరిగే మూలకి మార్చండి. ఒక పిల్లికి రెండు తొట్లు, వేర్వేరు గదుల్లో. మూత లేనిది, వాడి ఒంటి పొడవుకి ఒకటిన్నర రెట్లు పొడవున్నది. గడ్డకట్టే ఇసుక రెండు అంగుళాలు, వాసన లేనిది. పొద్దున, రాత్రి తియ్యండి. తీసేటప్పుడు ఎన్ని గడ్డలు, ఎంతెంత అని గోడ క్యాలెండర్ మీద రాయండి. ఎక్కడానికి ఒక ఎత్తైన చోటు, దూరడానికి ఒక అట్టపెట్టె, పాత ఇంటి దుప్పటి ఉంచండి. కొత్త వాసనలతో అదొక్కటే వాడికి తెలిసిన వాసన.

కృష్ణలంక | 12:40
ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. నొప్పి ఉందో లేదో మొహం చూసి ఎలా చెప్పాలి? మా పిల్లి పడ్డా కిక్కురుమనదు.

పశువైద్యుడు_కరీంనగర్ | 1:05
మొహంలో ఐదు చోట్లు చూడాలి. చెవులు పక్కకి ఒరిగి మధ్య దూరం పెరిగిందా, కళ్ళు సగం మూసిందా, మూతి గుండ్రంగా కాకుండా కోలగా బిగిసిందా, మీసాలు నిటారుగా ముందుకి వచ్చాయా, తల భుజాల కన్నా కిందికి వాలిందా. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. మొత్తం పదిలో 4 వస్తే నొప్పి మందు కావాల్సినంత నొప్పి ఉన్నట్టు. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రచురించిన పద్ధతి ఇది. నిద్రలోనో తింటున్నప్పుడో కాదు, ఊరికే మెలకువగా ఉన్నప్పుడు చూడాలి.

మొహం ఒక్కటే కాదు. ఎప్పుడూ ఎక్కే కిటికీ ఎక్కకపోవడం, ఒళ్ళు నాక్కోక వీపు మీద జుట్టు అట్టలు కట్టడం, గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి పోవడం కూడా నొప్పే. చివరిది ఎక్కువగా పంటినొప్పి.

తాండూరు_కంది | 1:20
తినకుంటె ఎన్ని రోజులు చూడాలె? మా వాండ్లు పిల్లికి ఉపాసం మంచిదంటరు.

నల్లపిల్లి_నెల్లూరు | 1:31
రోజులు కాదు, గంటలు. పెద్దపిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే వెళ్ళాలి. పిల్లకూన అయితే 12 గంటలే. బొద్దు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌లోకి చేరి లివరే పాడవుతుంది. అప్పుడు మొదటి రోగం తగ్గినా ఇది మిగులుతుంది, వారాల తరబడి గొట్టంతో పెట్టాలి. టీకా వెయ్యని కూన వాంతులు చేసుకుంటూ, నీళ్ళ గిన్నె మీదకి తల వేలాడేసి తాగకుండా కూర్చుంటే అది పాన్‌లుకోపీనియా అనే ప్రాణాంతక వైరస్ రోగం అయ్యుండొచ్చు, గంట కూడా చూడొద్దు. ఇంట్లో వేరే కూనలు ఉంటే వెంటనే వేరుచెయ్యండి.

అమలాపురం_కాలువ | 1:44
మా చిన్నది పూలదండ దారం మింగినట్టుంది. నోటి పక్కన రెండంగుళాలు వేలాడుతోంది. లాగెయ్యనా?

ఇసుకతొట్టి | 1:45
లాగొద్దు!! చెయ్యి తియ్యండి.

పశువైద్యుడు_కరీంనగర్ | 1:47
అస్సలు లాగొద్దు. దారం ఒక కొస నాలుక కింద చిక్కుకుని, రెండో కొస పేగుల్లో ఉండొచ్చు. లాగితే పేగులు కుచ్చిళ్ళలా ముడుచుకుని లోపల రంపంలా కోసుకుపోతాయి. వెనక నుంచి వేలాడినా అంతే. కత్తిరించకుండా, తినిపించకుండా, నాకకుండా మెడకి పట్టీ ఉంటే కట్టి ఇవాళే తీసుకెళ్ళండి. స్కానింగ్ ఉన్న చోటికి వెళ్ళండి. దారం చివర సూది ఉండే అవకాశం ఉందా, అది కూడా చెప్పండి.

అమలాపురం_కాలువ | 1:52
సూది లేదు, మల్లెల దారమే. కాకినాడ తీసుకెళ్తున్నాం.

వరంగల్_వాకిలి | 2:30
గల్లీ పిల్లి ఒకటి నిన్నటిసంది వచ్చినోన్ని వచ్చినట్టే కరుస్తుంది, నోట్లకెళ్ళి చొంగ. మా పోరన్ని గీకింది. పిల్లికి పిచ్చి లేస్తదా?

పశువైద్యుడు_కరీంనగర్ | 2:34
లేస్తుంది. రేబిస్ పిల్లి నుంచి కూడా వస్తుంది. పిల్లి సంగతి తర్వాత, ముందు బాబుని చూడండి. గీరిన చోట ధారగా నీళ్ళు వదిలి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, పసుపు ఏదీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. ఇవాళే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. రక్తం వచ్చి ఉంటే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే విరుగుడు సూది కూడా వెయ్యాలి, అది అడగండి. చర్మంలో వేసే టీకా అయితే 0 (మొదటి సూది రోజు), 3, 7, 28 రోజులు, ఒక్కటీ తప్పొద్దు. ఆ పిల్లిని పట్టుకోవడానికి ఎవరూ పోవద్దు, మున్సిపాలిటీకి చెప్పండి.

వరంగల్_వాకిలి | 2:37
రక్తం వచ్చింది. నల్ల కింద కడుగుతున్నం. ఎంజీఎం సర్కారు దవఖానకు పోతున్నం.

అమలాపురం_కాలువ | ఆదివారం రాత్రి 9:15
దారం నాలుక చుట్టూ తిరిగి ఉంది. మత్తిచ్చి తీశారు. కడుపు దాకానే పోయింది, పేగుల్లోకి దిగలేదు. పొద్దున మళ్ళీ స్కానింగ్.

వరంగల్_వాకిలి | సోమవారం ఉదయం 10:20
పోరనికి రెండూ వేసిన్రు. బుధవారం ఇంకో సూది.

చింతచిగురు_గుంటూరు | బుధవారం ఉదయం 6:50
మంగళవారం రాత్రి ఇంటికొచ్చాడు. స్కానింగ్‌లో రాయి లేదు, సంచి గోడ మందంగా ఉందన్నారు. తడి తిండి నీళ్ళు కలిపి పెట్టాను, తిన్నాడు. ఇప్పుడే తొట్టి తీశాను. రెండు గడ్డలు, ఒకటి నిమ్మకాయంత, ఒకటి ఉసిరికాయంత. రంగు మామూలు. క్యాలెండర్ మీద రాశాను.

ఇసుకతొట్టి | 6:58
నిమ్మకాయంత అంటే బాగా పోశాడు. మొదటి వారాల్లో మళ్ళీ బిగుసుకోవచ్చు, కాబట్టి కనీసం వారం దాకా మూడు పూటలా చూడండి. ఇవాళ మధ్యాహ్నం గడ్డ సైజు ఎంతో రాయండి.

చింతచిగురు_గుంటూరు | బుధవారం మధ్యాహ్నం 2:05
ఇంకోటి పడింది. నిమ్మకాయ కన్నా కాస్త పెద్దది. పోసి వచ్చి కిటికీ ఎక్కి కూర్చున్నాడు.